దామెర్ల రామారావు రంగుల పెట్టె

దామెర్ల రామారావు బతికింది దాదాపు ఇరవై ఏడేళ్ల పదకొండు నెలలు. 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు, 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయాడు. బొంబాయిలో చదువు ముగిసింది 1920లో. అంటే ఏ మాస్టారి క్లాసులోనూ కూర్చోకుండా, తన ఇష్టం వచ్చినట్టు బొమ్మలు వేసుకోవడానికి అతనికి దొరికిన కాలం ఐదేళ్లు కూడా లేదు. మనలో ఒకరు బీటెక్ అయిపోయి, ఎంటెక్ చేసి, ఒక ఉద్యోగంలో కుదురుకోవడానికి అంతే పడుతుంది. ఆ కొద్ది కాలంలో అతను వేసిన బొమ్మలతోనే తెలుగువాళ్ల ఆధునిక చిత్రకళ చరిత్ర మొదలవుతుందని ఈరోజుకీ రాస్తున్నారు.

నూరేళ్ల కిందట పోయిన పెద్దమనిషిని ఆయన, వారు అనాలి. కానీ వయసు లెక్కేస్తే మనకు నాలుగైదేళ్ల సీనియర్‌లాగే కనిపిస్తాడు కాబట్టి అతను అనే రాస్తున్నాను. అతని గురించి ఎక్కడ చదివినా బహుమతుల సంగతి ముందుంటుంది. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే. తక్కువ టైములో అతనికి మూడు వేర్వేరు రంగుల లోకాలు ఎదురయ్యాయి. మూడూ ఘనమైనవే. వాటిలో దేన్నీ పూర్తిగా నెత్తికెత్తుకోకుండా, దేన్నీ విసిరేయకుండా, తనకు కావలసిన రంగులు తాను ఏరుకున్నాడు. ఆ ఏరుకోవడమే అతని జీవితకథ అని నాకనిపిస్తుంది.

అతను పిల్లవాడిగా ఉన్న రోజుల్లో మధ్యతరగతి ఇళ్ల గోడల మీద ఎక్కువగా కనిపించేవి రవివర్మ బొమ్మల ముద్రణలు. 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్సు పెట్టాక లక్ష్మి, సరస్వతి, దమయంతి బొమ్మలు దేశమంతా పాకాయి. జరీ చీర మెరుపు, నగల పసిమి, గులాబి రంగు ఒళ్లు, వెనక నీలాకాశం. అప్పట్లో బొమ్మ అంటే ఇదే. ఇక రాజమండ్రిలో ఇంటి బయటికి వస్తే గోదావరి. వానాకాలం ఎర్రమట్టి నీళ్లు, చలికాలం పొద్దున్నే పొగమంచు, ఎగువన పాపికొండలు. ముద్రణల్లోని రంగులు ఈ నదిలో ఎక్కడా దొరకవు. బొమ్మలు వేసే కుర్రవాడికి ఈ తేడా ఎప్పుడో ఒకప్పుడు తగలాల్సిందే.

ఆ తేడాను చూడగలిగే కన్ను ఇచ్చింది రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ఇంగ్లీషువాడు, ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాడు, స్వయంగా నీటిరంగులు వేసేవాడు. కాలేజీ ప్రిన్సిపాల్ అంటే మనకు గుర్తొచ్చేది అటెండెన్స్, కాండక్ట్ సర్టిఫికెట్. ఈయన మాత్రం బొమ్మలు, కవిత్వం ఇష్టపడే కుర్రాళ్లను చేరదీశాడు. దామెర్ల, అడవి బాపిరాజు, వరదా వెంకటరత్నం, కవికొండల వేంకటరావు, అందరూ ఆ నీడలో పెరిగినవాళ్లే. ఒక్క మనిషి ఒక ఊళ్లో పదేళ్లు ఉంటే ఎంత పని జరుగుతుందో చూడండి.

కూల్డ్రే వెంట తెచ్చిన నీటిరంగుల పద్ధతి గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే రామారావు చివరిదాకా ఎక్కువగా వాడింది ఆ మాధ్యమాన్నే. నీటిరంగు బిళ్లలో ఉండేది రెండే రెండు ముఖ్యమైన సరుకులు. ఒకటి మెత్తగా నూరిన రంగుపొడి, రెండోది దాన్ని కాగితానికి అంటించే బంక. ఆ బంక తుమ్మజాతి చెట్టుది. మన చేలగట్ల మీద తుమ్మచెట్టుకు కారి గట్టిపడే తుమ్మబంకకు అది దగ్గర చుట్టమే. ఇంగ్లీషు నీటిరంగుల పద్ధతిలో తెల్లరంగు వాడరు. తెలుపు కావలసిన చోట కాగితాన్ని అలాగే వదిలేస్తారు. పైన వేసే రంగు పల్చటి గాజు లాంటిది, దాని గుండా వెలుతురు కాగితందాకా వెళ్లి తిరిగి మన కంట్లో పడుతుంది. అందుకే ఎన్ని పొరలు వేస్తే అంత మసక. మూడు రంగులు కలిపితే బురద అయ్యేది కూడా ఇందుకే. ఈ మాధ్యమం నేర్చుకున్నవాడు రంగు వేయడం కన్నా రంగు ఆపడం ముందు నేర్చుకుంటాడు.

రెండో పాఠం అజంతా. కూల్డ్రే తన శిష్యులను అక్కడికి తీసుకెళ్లాడు. 1819లో ఒక బ్రిటిష్ సైనికాధికారి వేటకు వెళ్లి చూసినప్పటి నుంచి అజంతా బొమ్మలకు నకళ్లు తీయడం పెద్ద పని అయిపోయింది. బొంబాయి జె.జె. స్కూల్ నుంచి గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872 నుంచి చాలా ఏళ్లు నకళ్లు తీయించాడు. వాటిలో కొన్ని 1885లో లండన్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తర్వాత 1909–11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ బృందం వచ్చింది, అందులో నందలాల్ బోస్ ఉన్నాడు. రామారావుకు మాత్రం నకలు కాదు, అసలే ఎదురుగా దొరికింది.

అజంతా గోడల్లో నిజంగా ఉన్న రంగులు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. ఎర్రమన్ను, పసుపుపచ్చ మన్ను, అక్కడి రాళ్లలోనే దొరికే ఆకుపచ్చ మన్ను, సున్నం లాంటి తెల్లపొడి, దీపపు మసి. కొన్ని గుహల్లో అఫ్ఘనిస్తాన్ గనుల నుంచి వచ్చిన లాజవర్దం నీలం. అంతే. పదిహేను వందల ఏళ్లుగా చూసినవాళ్లను కట్టిపడేస్తున్న ఆ బొమ్మల పెట్టెలో ఆరు రంగులు మించి లేవు. అందులో నాలుగు కాళ్లకింద మట్టి, పొయ్యి మీద మసి.

ఇక్కడ మైదుకూరు వాళ్లం ఒక్క నిమిషం ఆగాలి. ఎర్రమన్ను అంటే మనకు కొత్తేం కాదు, అది మన జాజు. పండగ ముందు అరుగులకు, గడపలకు, గోడల కింది భాగానికి పూసే జాజు, పక్కనే సుద్ద గీతలు. అజంతా చిత్రకారుడి పెట్టెలో సగం మన అవ్వ చేతి చట్టిలో ఉండేదన్నమాట. దాని కెమిస్ట్రీ కూడా సులువే. పసుపుపచ్చ మన్ను అంటే నీటి అణువులు పట్టుకుని ఉన్న ఇనుము ఆక్సైడ్. దాన్ని రెండు మూడు వందల డిగ్రీల దాకా కాలిస్తే నీళ్లు పోయి ఎర్రగా మారుతుంది. రంగుల షాపులో రా సియన్నా, బర్న్ట్ సియన్నా అని రెండు ట్యూబులు పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదాన్ని కాల్చి చేసిందే. ఇటుకబట్టీ కాడ పచ్చి ఇటుక, కాలిన ఇటుక చూసినవాడికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

నిజానికి మన చుట్టుపక్కల రంగులకు ఏనాడూ కొదవ లేదు. మైదుకూరు పేరుతోనే ఒక పసుపు రకం ఉంది. లంకమల వైపు అడవుల్లో ఎర్రచందనం, దాన్ని ఒకప్పుడు అద్దకం కోసమే ఓడల్లో ఐరోపాకు ఎక్కించేవాళ్లు. ఇక కడప, కర్నూలు జిల్లాల్లో నీలిమందు పంట. ఊళ్ల పక్కన నీలిమందు తొట్లు కట్టి, ఆకు నానబెట్టి, నీళ్లను చిలికి, అడుగున దిగిన నీలాన్ని ఆరబెట్టి అమ్మేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దమంతా మద్రాసు రాజధానిలో అది పెద్ద వ్యాపారం. 1897లో, అంటే సరిగ్గా రామారావు పుట్టిన ఏడాదే, జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి దింపింది. చూస్తుండగానే మన నీలి చేలు పోయాయి. రామారావు చేతికి కుంచె వచ్చేనాటికి రంగుల ప్రపంచం మొక్క నుంచి ఫ్యాక్టరీకి మారిపోయి ఉంది.

అయితే పసుపు, ఎర్రచందనం, జాజు మూడింటినీ ఒక కాగితం మీద పూసి ఎండలో పెట్టి చూడండి. పసుపు కొద్ది రోజులకే పాలిపోతుంది. ఎర్రచందనం కూడా ఎక్కువ కాలం నిలవదు. జాజు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. సూర్యకాంతి మొక్కల రంగుల అణువులను విరగ్గొడుతుంది, అప్పటికే తుప్పుపట్టిన ఇనుమును అది చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. అజంతా గోడల మీద మిగిలింది ఏమిటో, ఎందుకు మిగిలిందో ఇప్పుడు తెలిసిపోతుంది. మన రాయలసీమలోనే పదహారో శతాబ్దపు లేపాక్షి పైకప్పు బొమ్మల్లో కూడా ఇదే కథ: ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, కొంచెం ఆకుపచ్చ. నేలంతా ఎర్రమన్ను కాంతి.

మూడో పాఠం బొంబాయి. 1916లో కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. అప్పటి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్, తర్వాత వచ్చినవాడు గ్లాడ్‌స్టన్ సాలమన్. 1857లో మొదలైన ఈ స్కూల్ చెప్పే చదువు పూర్తిగా పాశ్చాత్యం. ప్లాస్టర్ విగ్రహాలు చూసి వెలుగునీడలు గీయాలి, మనిషిని ఎదురుగా నిలబెట్టి కండరం కండరం చూసి గీయాలి, తర్వాత నూనెరంగులు. మనకు ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో షీటు మీద షీటు వేయించినట్టే అనుకోండి, కాకపోతే అక్కడ వేసేది మనిషిని.

నూనెరంగుల ట్రే అంటే అదొక సంతే. 1841లో రేకు ట్యూబు కనిపెట్టాక రంగులు ఫ్యాక్టరీలో నూరి, నింపి, అమ్మడం మొదలైంది. ఆ శతాబ్దంలోనే ఒకదాని వెనక ఒకటి కొత్త రంగులు ల్యాబుల్లోంచి వచ్చాయి. కోబాల్ట్ నీలం, కృత్రిమ అల్ట్రామరిన్, క్రోమ్ పసుపు, కాడ్మియం పసుపు, విరిడియన్ ఆకుపచ్చ, అలిజరిన్ ఎరుపు. ఈ అలిజరిన్ అసలు మనకు పాతదే, బందరు కలంకారీలో ఎరుపుకు వాడిన చిరివేరులో ఉన్నది అదే పదార్థం. జర్మన్లు 1868లో దాన్ని ల్యాబులో తయారుచేశారు. రామారావు చదివే రోజుల్లో చిత్రకళ రంగులు ఎక్కువగా ఇంగ్లండు నుంచే వచ్చేవి. ఇప్పుడు మన స్టేషనరీ షాపుల్లో దొరికే కామ్లిన్ అప్పటికి లేదు. ఆ సంస్థ 1931లో సిరాతో మొదలైంది, రంగులు ఇంకా తర్వాతి మాట.

అతను ఆ చదువును తేలిగ్గా తీసుకోలేదు. స్కూల్లో మొదటి వరసలో నిలిచి బయటికొచ్చాడు. అతని పెన్సిల్ స్కెచ్చులు చూస్తే ఆ క్రమశిక్షణ కనిపిస్తుంది. చెయ్యి తిరిగే చోట, మెడ వంపు దగ్గర, కూర్చున్న మనిషి బరువు నేల మీద పడే చోట తడబాటు ఉండదు. బొంబాయి ఇచ్చిన గొప్ప కానుక అదేనని నా అభిప్రాయం. రంగు ఎంత వెలుగు, ఎంత చీకటి అనేది ముందు తేల్చుకుంటే, అది ఎరుపా పసుపా అన్నది రెండో ప్రశ్న అవుతుంది. మన ఫోన్లో ఏ బొమ్మనైనా నలుపు తెలుపులోకి మార్చి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. బాగా వేసిన బొమ్మ రంగులు తీసేసినా నిలబడుతుంది.

బొంబాయిలో ఉండగానూ తర్వాతానూ అతను బాగా తిరిగాడు. గుజరాత్ వైపు వెళ్లి అక్కడి పల్లెజనాన్ని, కథియవార్ పాలవాళ్లను బొమ్మలుగా వేశాడు. అది ఎండ దేశం, మన సీమ లాంటిది. బట్టలు ముదురు రంగులు, నేల మాత్రం పాలిపోయిన గోధుమ రంగు. గోదావరి పచ్చదనం నుంచి వెళ్లినవాడికి ఆ నేల ఏం నేర్పి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ తర్వాత కలకత్తా. అప్పుడు దేశంలో చిత్రకళ అంటే బెంగాల్‌దే పైచేయి. అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు పాశ్చాత్య నూనెరంగులను పక్కనపెట్టి వాష్ పద్ధతి తెచ్చారు. 1903లో జపాన్ నుంచి కలకత్తా వచ్చిన తైకాన్, షున్సో అనే చిత్రకారుల దగ్గర చూసిన పద్ధతి దీనికి మూలం. బొమ్మ వేసి, ఆరబెట్టి, కాగితాన్ని మొత్తంగా నీళ్లలో ముంచుతారు. పైన నిలిచిన రంగు పోతుంది, కాగితంలోకి ఇంకింది మిగులుతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ ముంచుతారు. చివరికి బొమ్మంతా ఒక పొగతెర వెనక ఉన్నట్టు అవుతుంది. రంగులన్నీ ఒకదానితో ఒకటి రాజీపడిపోయి మెత్తగా ఉంటాయి. స్వదేశీ ఉద్యమ కాలంలో ఆ మెత్తదనమే భారతీయత అనిపించింది. తెలుగునాట బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్‌కుమార్ చటర్జీ ఈ పద్ధతి నేర్పాడు. కూల్డ్రే శిష్యుడైన అడవి బాపిరాజు కూడా ఆ దారి పట్టాడు.

రామారావు కలకత్తా వెళ్లాడు, అక్కడి చిత్రకారులను కలిశాడు. ఋష్యశృంగుడి కథ మీద అతను వేసిన బొమ్మకు కలకత్తా ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. అప్పుడతని వయసు ఇరవై అయిదు అటూ ఇటూ. అంత పేరొచ్చిన చోట ఆ పద్ధతినే పట్టుకుని ఉంటే ఇంకా పేరొచ్చేది. దేశభక్తి, ఫ్యాషన్, బహుమతి మూడూ ఒకే దిక్కుకు తోస్తున్నాయి. అవతల బొంబాయి చదువు చేతిలో ఉంది కాబట్టి రాజులకు, జమీందార్లకు నూనెరంగుల నిలువెత్తు బొమ్మలు వేసుకుంటే డబ్బుకు లోటుండదు. అతని ముందున్న అసలు ప్రశ్న ఇదే. ఇది కుంచెల ప్రశ్న కాదు, ఎవరిలా బతకాలన్న ప్రశ్న.

అతను రాజమండ్రికి వచ్చేశాడు.

వచ్చి వేసిన బొమ్మల్లో ఆ ఎంపిక చదువుకోవచ్చు. పుష్పాలంకరణ, నందిపూజ, సిద్ధార్థ రాగోదయం లాంటివి చూడండి. మనుషుల ఒంటికి శరీరం ఉంది, ఎముక ఉంది. అది బొంబాయి. కానీ చుట్టూ సాగే గీత తెగకుండా, మెలిక తిరుగుతూ ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి వెళ్తుంది. అది అజంతా. రంగులు ఒకదాని మీద ఒకటి అరుచుకోవు, మెత్తగా కలిసుంటాయి. ఆ మర్యాద బెంగాల్ వాళ్లదే కావచ్చు, కానీ పొగ లేదు. ముఖం ముఖంలాగే, చీర చీరలాగే తేటగా కనిపిస్తుంది. ఒళ్లు రవివర్మ గులాబి కాదు, మన ఎండలో తిరిగే మనుషుల చామనఛాయ. ఇనుము కలిసిన మట్టిరంగుల కుటుంబం నుంచి తప్ప ఆ ఛాయ రాదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఒంటిరంగే. తెలుగువాళ్లు తమ రంగును తాము సిగ్గుపడకుండా కాగితం మీద చూసుకున్నది ఇక్కడేనేమో.

గోదావరి మీద వేసిన దృశ్యచిత్రాలు వేరే సంగతి. తూర్పు కనుమల మధ్య నది వంపు తిరిగే చోట దూరపు కొండలు నీలంగా, దగ్గరివి గోధుమ కలిసిన పచ్చగా ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ రంగు చల్లబడటం, దగ్గరకొచ్చేకొద్దీ వేడెక్కడం అన్న పాఠం దానంతటది కనిపిస్తుంది. ఈ పద్ధతికి పాతిక రంగులు అక్కర్లేదు. ఒక వేడి, ఒక చల్ల ఉంటే చాలు, మిగతాది కలపడంలో ఉంది.

మన ఫైనార్ట్స్ క్లబ్ పిల్లలు ఇక్కడ ఒక ప్రయోగం చేయొచ్చు. మొదటి జీతమో స్కాలర్‌షిప్పో రాగానే నలభై ఎనిమిది రంగుల సెట్టు ఆర్డర్ పెట్టడం మామూలే. దాని బదులు యెల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా, అల్ట్రామరిన్, ఈ మూడు ట్యూబులతో ఒక నెల గడిపి చూడండి. ఓకర్, అల్ట్రామరిన్ కలిపితే వచ్చేది ఆకుపచ్చే కానీ పార్కు పచ్చ కాదు, వేసవిలో దుమ్ము పట్టిన వేపాకు పచ్చ. సియన్నా, అల్ట్రామరిన్ కలిపితే పాళ్లను బట్టి బూడిదరంగు నుంచి కడప బండ నలుపు దాకా వస్తుంది, నల్లరంగు కొనే పనే లేదు. సియన్నా ఒక్కటే పల్చగా పూస్తే బద్వేలు రోడ్డు పక్క ఎర్రనేల. ఆరు గంటలప్పుడు లంకమల మీద పడే రంగుకు అల్ట్రామరిన్‌లో ఒక చుక్క సియన్నా. ఈ మూడూ ఎండకు ఆగుతాయి, మూడూ ఒకదానితో ఒకటి పడతాయి. ఇవి చాలని రోజు వస్తుంది, ఉదాహరణకు పొద్దుతిరుగుడు చేను వేయాలంటే ఓకర్‌తో పని జరగదు. అప్పుడు నాలుగో ట్యూబు కొనండి, అది ఎందుకు కొంటున్నారో తెలిసి కొంటారు. ట్యూబు మీద ఇండిగో అని ఉంటే వెనక చిన్న అక్షరాలు చదవండి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో నీలిమందు ఉండదు, వేరే నీలం, నలుపు కలిపి ఉంటారు. రామారావు సరిగ్గా ఈ మూడే వాడాడని నేననడం లేదు. తక్కువ రంగులతో ఒక చోటి వెలుతురును పట్టుకోవడం ఎలాగో అతని బొమ్మలు చూస్తే అర్థమవుతుంది, దానికి ఇది మన చోటి లెక్క.

మళ్లీ కథలోకి. రాజమండ్రిలో అతను ఒంటరిగా కూర్చోలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, స్నేహితుడు వరదా వెంకటరత్నం, ఇంకా కొందరు చుట్టూ చేరారు. అందరూ కుంచె పట్టినవాళ్లే. ఆ రోజుల్లో ఒక ఇంటి ఆడవాళ్లు చిత్రకారులుగా నిలబడటం చిన్న విషయం కాదు, దీని గురించి విడిగా ఎవరైనా రాస్తే బాగుంటుంది. అతను అక్కడే చిత్రకళా పాఠశాల మొదలుపెట్టాడు, ఆంధ్రదేశంలో చిత్రకారులకు ఒక సంఘం కట్టాడు, ప్రదర్శనలు పెట్టించాడు. సొంత బొమ్మలకు టైము చాలని మనిషి ఇతరుల బొమ్మల కోసం టైము ఎలా తీశాడో నాకు ఆశ్చర్యమే. అయితే తనకు ఐదేళ్లే ఉన్నాయని అతనికి తెలియదు కదా.

1924లో లండన్ దగ్గర వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన జరిగింది. అతని బొమ్మలు అక్కడిదాకా వెళ్లాయి. ఏ దేశం నుంచి రంగుల పెట్టెలు ఓడలో మన రేవులకు వచ్చేవో, ఆ దేశానికే ఆ రంగులు గోదావరి బొమ్మలై తిరిగి వెళ్లాయన్నమాట. కూల్డ్రే అప్పటికే ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్లిపోయి ఉన్నాడు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మశూచి. ఆ జబ్బుకు టీకా అప్పటికే నూరేళ్లకు పైగా ఉంది, మందు లేదు. మన దేశం దాన్ని పూర్తిగా వదిలించుకున్నది 1975లో. ఇరవై ఎనిమిదో పుట్టినరోజుకు ఒక నెల ముందు రామారావు పోయాడు.

పాఠశాల మూతపడుతుందనే ఎవరైనా అనుకుంటారు. పడలేదు. వరదా వెంకటరత్నం దాన్ని భుజానికెత్తుకుని నడిపాడు. సత్యవాణి, స్నేహితులు బొమ్మలను చెల్లాచెదురు కాకుండా కాపాడారు. ఒక్కొక్కటీ అమ్ముకుని ఉంటే ఈపాటికి అవి ఏ సంపన్నుల ఇళ్ల గోడల మీదో ఉండేవి, మనం అచ్చులో కూడా చూడగలిగేవాళ్లం కాదు. తర్వాత ప్రభుత్వం ఆ గ్యాలరీని తన చేతుల్లోకి తీసుకుంది. ఇప్పుడు రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు స్మారక చిత్రకళా మందిరం అంటే అదే. నూనెరంగుల కాన్వాసులు, వాటికన్నా ఎక్కువగా నీటిరంగుల చిత్రాలు, పెన్సిల్ స్కెచ్చులు, స్కెచ్ పుస్తకాలు అక్కడ ఉన్నాయి.

ఎప్పుడైనా అటు వెళ్తే స్కెచ్ పుస్తకాల దగ్గర ఎక్కువసేపు ఉండండి, పెద్ద బొమ్మల ముందు అందరూ ఎలాగూ ఆగుతారు. ఫ్లాష్ మాత్రం వేయొద్దు. నీటిరంగులకు వెలుతురే శత్రువు. నూరేళ్లు దాటిన కాగితం మీద మట్టిరంగులు ఓర్చుకుంటాయి, పూలలోని పల్చటి ఎరుపులు, నీలాలు అంత గట్టివి కావు. పుష్పాలంకరణ ముందు నిలబడ్డప్పుడు ముందు పూలను చూసి, తర్వాత ఆ ఆడవాళ్ల చేతులను చూడండి.